అరకు, లంబసింగి శీతాకాలం రద్దీ: లోపం ఎక్కడుంది, ఎవరేం చేయొచ్చు?

గోస్తని_గట్టు
నవంబర్ మూడో వారం మొదలు జనవరి నెలాఖరు దాకా అరకు, అనంతగిరి, పాడేరు, వంజంగి, లంబసింగి ఎక్కడ చూసినా ఒకటే తీరు. శుక్రవారం సాయంత్రం నుంచి బళ్లు బారులు తీరతాయి, ఆదివారం మధ్యాహ్నానికి అందరూ కొండ దిగిపోతారు. సోమవారం నుంచి గదులు ఖాళీ. "టూరిస్టులు పెరగాలి" అనే మాట ఎప్పుడూ వింటాం. అసలు ఇబ్బంది అది కాదని నా అభిప్రాయం. వచ్చేవాళ్లంతా ఆ పది వారాల్లో, ఆ రెండు రాత్రుల్లోనే రావడం అసలు ఇబ్బంది.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు గదుల హోమ్‌స్టేకి ఏడాదిలో 730 గది-రాత్రులు అమ్మకానికి ఉంటాయి. పది వారాలు, శుక్ర, శనివారం రాత్రులు, రెండు గదులూ నిండాయనుకుంటే 40. అంటే ఐదున్నర శాతం. మిగతా తొంభై నాలుగున్నర శాతం ఖాళీ. అప్పు చేసి గదులు కట్టిన కుటుంబం ఆ నలభై రాత్రుల్లోనే ఏడాది కిస్తీలన్నీ రాబట్టుకోవాలి. డిసెంబర్‌లో రేటు రెండింతలు, మూడింతలు కావడానికి మూలం ఇదే. వాళ్లది దురాశ అనుకుంటే పొరపాటు.

రోడ్డు, నీళ్లు, చెత్త, రైలు, పన్ను, భూమి… మీకు తెలిసినది వివరంగా రాయండి. "ప్రభుత్వం ఏదో చేయాలి" అని ఆపేయకుండా ఏం చేయాలో, ఎంత కావాలో చెప్పండి.

మలుపు_హారన్
రోడ్డు సంగతి రాస్తున్నాను. విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. ఆదివారం సాయంత్రం దిగేటప్పుడే ఎక్కువ బళ్లు ఇబ్బంది పడతాయి. కారణం చాలా మామూలుది: మైదానంలో నడిపినట్టే నాలుగో గేర్‌లో, బ్రేకు మీద కాలు పెట్టి దిగడం.

బ్రేకు ఆపకుండా నొక్కి ఉంచితే డిస్కులు, ప్యాడ్‌లు కాలిపోతాయి. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి ఎక్కుతుంది. కొత్త డాట్ 4 ఆయిల్ మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి. కానీ ఆ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ 155 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమంటారు. కొండ ఎక్కే ముందు మెకానిక్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, టైర్లు ఆ తర్వాత.

దిగేటప్పుడు రెండో గేర్, మలుపు మరీ కోసుగా ఉంటే మొదటిది. ఆటోమేటిక్ అయితే 'ఎల్' గానీ మాన్యువల్ మోడ్ గానీ. న్యూట్రల్‌లో అసలు దించకూడదు. బ్రేకు గట్టిగా నొక్కి వదలాలి, అలా నొక్కి పట్టుకోకూడదు. కాలిన వాసన వచ్చిందా, ఎడమకు ఆపి అరగంట చల్లారనివ్వండి. ఎర్రగా కాలిన డిస్కు మీద నీళ్లు పోస్తే వంకర పోతుంది, ఆ తర్వాత బ్రేకు నొక్కినప్పుడల్లా స్టీరింగ్ అదురుతుంది.

ఇంకొకటి. రెండు బళ్లు పట్టని చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. సెలవు రోజుల్లో గంటల తరబడి ఆగిపోయే చాలా జామ్‌లు ఈ ఒక్కటి పాటించకే మొదలవుతాయి. దిగే కారు ముందుకు తోస్తుంది, దాని వెనక పది బళ్లు అతుక్కుంటాయి, ఇక ఎవరికీ వెనక్కి తీసే జాగా ఉండదు.

నెంబరు_ప్లేటు
మలుపు_హారన్ గారు చెప్పినదానికి తోడు అద్దె బళ్ల విషయం. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు బండిని "మనకి తెలిసినవాళ్లది" అంటూ అద్దెకు ఇస్తున్నారంటే, ఘాట్‌లో ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకు అవుతుంది. రోజుకు ఐదారు వందలు మిగులుతాయని ఆ పని చేయొద్దు.

పట్టాల_పక్క
రైలు గురించి. కొత్తవలస–కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది, ప్రయాణికుల కోసం కాదు. ఈ ఒక్కటి తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. పట్టాల మీద ఎక్కువగా నడిచేవి గూడ్స్ బళ్లే. ఉదయం ఏడు లోపు విశాఖలో బయల్దేరే కిరండూల్ బండి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. 58 సొరంగాల దారిలో, 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ మీదుగా పోయే లైనులో పండగకి పది రైళ్లు పెంచడం కుదిరే పని కాదు. వానాకాలంలో బండరాళ్లు జారి పట్టాల మీద పడితే ఉన్న బండి కూడా ఆగిపోతుంది. జులై నుంచి అక్టోబర్ దాకా ప్లాన్ వేసేవాళ్లు రోడ్డు దారి కూడా ఆలోచించి పెట్టుకోవాలి.

అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఒక పెట్టెలో నలభై చిల్లర సీట్లే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు (2024 నవంబర్ 1కి ముందు 120 రోజులు). డిసెంబర్ శనివారం టికెట్ కావాలంటే అక్టోబర్‌లో ఆ రోజు ఉదయం 8 గంటలకే కూర్చోవాలి. అదే మంగళవారానికైతే అంత ఆత్రం అక్కర్లేదు. దొరకలేదని బాధపడకండి, మామూలు పెట్టె కిటికీలోంచి కనిపించేదీ అదే లోయ.

సికింద్రాబాద్_వాసి
అందరికీ నమస్కారం. ఆరుగురం, అందులో ఇద్దరు డెబ్బై దాటినవాళ్లు. డిసెంబర్‌లో అరకు, లంబసింగి రెండూ చూడాలని ఉంది. రెండు రోజుల్లో కుదురుతుందా? పెద్దవాళ్లు బొర్రా గుహలు దిగగలరా?

గోస్తని_గట్టు
రెండు రోజుల్లో వద్దండి. అరకు నుంచి లంబసింగి పాడేరు మీదుగా దాదాపు 90 కిలోమీటర్లు, అంతా కొండదారే. రెండూ ఒకే శని, ఆదివారాల్లో కుక్కితే ఎక్కువసేపు బండిలోనే కూర్చుంటారు. పైగా లంబసింగిలో చూడాల్సింది తెల్లవారుజాము మంచు, అది ఎండ ఎక్కితే ఉండదు. కాబట్టి ముందురోజు రాత్రే ఆ చుట్టుపక్కల ఉండాలి.

కుదిరే పద్ధతి ఇది. సోమవారం రాత్రికి విశాఖ. మంగళవారం ఉదయం రైల్లో అరకు, మధ్యాహ్నం గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట. బుధవారం బొర్రా, గాలికొండ, కాఫీ తోటలు. గురువారం పాడేరు మీదుగా లంబసింగి చేరి పడుకుని, శుక్రవారం మంచు చూసుకుని నర్సీపట్నం వైపు దిగితే సాయంత్రానికి నర్సీపట్నం రోడ్ గానీ తుని గానీ స్టేషన్ అందుతుంది. మళ్లీ విశాఖ వెళ్లే పనే లేదు.

బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయి, దిగినవన్నీ తిరిగి ఎక్కాలి. పైనుంచి నీటిచుక్కలు పడుతూ మెట్లు తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే ముఖద్వారం దగ్గర మొదటి పెద్ద హాలు వరకు చాలు, ఆ కప్పు ఎత్తు అక్కడినుంచే కనిపిస్తుంది. రబ్బరు అడుగున్న చెప్పులు వేయించండి, నున్నటివి వద్దు. మధ్యాహ్నం 12 తర్వాత రద్దీ ఎక్కువ, ఉదయమే వెళ్లండి.

నగదు పెట్టుకోండి. ఘాట్‌లో, లోపలి ఊళ్లలో సిగ్నల్ పోతుంది, స్కానర్ ఉన్నా డబ్బు వెళ్లదు. మనిషికి రెండు వేలు వంద, యాభై నోట్లలో ఉంటే చాలు. సంతలో అయిదు వందల నోటుకి చిల్లర అడగడం అమ్మేవాళ్లకి కష్టం.

ఊట_కాలువ
గదుల సంఖ్య గురించి మాట్లాడేవాళ్లు నీళ్ల గురించి మాట్లాడరు. ఏజెన్సీ గ్రామాల్లో చాలాచోట్ల తాగునీరు కొండ ఊట నుంచి పైపుల్లో, మోటారు లేకుండా దానంతట అదే దిగుతుంది. మరుగుదొడ్డి గుంత ఆ ఊటకి ఎగువన తవ్వితే ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది. ఇంకుడు గుంతకీ తాగునీటి వనరుకీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని ప్రమాణం. కొండవాలులో అది చాలదు, గుంత కచ్చితంగా దిగువనే ఉండాలి. రాతి పగుళ్లలో నీరు వడపోత లేకుండా చాలా దూరం పోతుంది.

సెప్టిక్ ట్యాంకులు పొంగేది ఎందుకో చెబుతాను. ఇంట్లో ఐదుగురు, అతిథులు నలుగురు, మొత్తం తొమ్మిదిమందికి కట్టిన ట్యాంకు అది. శనివారం పెరట్లో టెంట్లు వేసి నలభైమందిని దింపుతారు. మనిషికి ముప్పై లీటర్ల ఫ్లష్ నీళ్లు వేసుకున్నా ఒక్క రాత్రికి 1,200 లీటర్లు. ట్యాంకులో మురుగు కనీసం ఒక రోజు నిలిస్తేనే గట్టి పదార్థం అడుగుకి దిగుతుంది. అంత నీరు ఒక్కసారి తోస్తే గట్టిది కూడా ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోయి మట్టి రంధ్రాలు మూసుకుంటాయి. ఆ గుంత ఇక ఇంకదు. సోమవారం వాసన అక్కడినుంచే. లారీ పిలిచి ట్యాంకు తోడించినా ఇంకుడు గుంత బాగుపడదు, కొత్తది తవ్వాల్సిందే.

టెంట్లు వేసేవాళ్లకి నా సూచన: ట్యాంకు ఎంతమందికి కట్టారో ఆ లెక్కకి మించి బుకింగ్ తీసుకోవద్దు. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీరు తేటగా ఉంటే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్. ముందు బకెట్‌లో కలిపి తేర్చి, పైన తేరిన నీరు మాత్రమే పోయాలి, అడుగు సున్నం పోయకూడదు. అరగంట ఆగాక వాడాలి. నీరు మడ్డిగా ఉంటే ఇది పనిచేయదు, ముందు వడకట్టుకోవాలి.

కౌలు_కాగితం
డబ్బు ఎటు పోతోందో చెప్పాలంటే భూమి మాట ఎత్తాలి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూమి బదిలీ రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణనే మనం 1/70 అంటున్నాం. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. చాలామంది "కొనకూడదు, లీజుకి తీసుకోవచ్చు" అనుకుంటారు, అది తప్పు. బదిలీ అన్న మాటకిచ్చిన అర్థంలోనే లీజు, తాకట్టు కూడా ఉన్నాయి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న పదేళ్ల ఒప్పందానికి విలువ లేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు అనంతగిరి మండలం గనుల లీజుల మీద ఇచ్చిన తీర్పు కూడా ఈ చట్టం మీదే నిలబడింది.

అయినా బినామీ పేర్లతో క్యాంపులు నడుస్తుంటే, భూమి ఉన్న గిరిజన కుటుంబానికి దక్కేది కాపలా జీతం. పది వారాల రద్దీ వీళ్లకి చెత్త మిగిల్చి, ఆదాయం కొండ దించేస్తోంది. నాకు అన్నిటికంటే బాధగా ఉండేది ఇదే. గది బుక్ చేసేటప్పుడు ఒక మాట అడగండి: ఇల్లు ఎవరిది, వంట ఎవరు చేస్తారు? ఇంటివాళ్లే ఫోన్ ఎత్తితే, డబ్బు వాళ్ల ఖాతాకే వెళ్తే అది నిజమైన హోమ్‌స్టే.

ఇన్‌వాయిస్
కౌలు_కాగితం గారి మాటకి ఒక లెక్క జోడిస్తాను. 1,500 రూపాయల గది యాప్‌లో బుక్ చేస్తే, కమిషన్ 20 శాతం అనుకుంటే 300 అక్కడే పోయింది. పైన 12 శాతం జీఎస్టీ. నేరుగా ఫోన్ చేసి బుక్ చేస్తే ఈ రెండూ ఉండవు.

పద్దు_పుస్తకం
చిన్న సవరణ ఇన్‌వాయిస్ గారూ. 12 శాతం పాత రేటు. రోజుకు 7,500 రూపాయలు, ఆలోపు గదులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీద కట్టిన పన్ను తగ్గించుకునే వీలు) లేకుండా. 7,500 దాటితే 18. ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న హోమ్‌స్టేకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ యాప్ ద్వారా అమ్మితే జీఎస్టీ చట్టం 9(5) సెక్షన్ కింద ఆ పన్ను యాప్ కంపెనీయే వసూలు చేసి కడుతుంది. అందుకే అదే గదికి యాప్‌లో పన్ను పడుతుంది, నేరుగా తీసుకుంటే పడదు. ఇందులో దొంగతనమేమీ లేదు. రిజిస్ట్రేషన్ లేకుండానే "జీఎస్టీ అదనం" అని వసూలు చేస్తే మాత్రం తప్పు. బిల్లు మీద అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉండే జీఎస్టీ నెంబరు లేకపోతే ఆ పన్ను కట్టనక్కర్లేదు.

హోమ్‌స్టేవాళ్లకి ఇంకొకటి: విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథి దిగితే, మన తెలుగువాళ్లయినా సరే, 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం (ఇదివరకటి ఫారం-సి) నింపాలి. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే కుటుంబాల విషయంలో ఇది ఎక్కువగా మరిచిపోతుంటారు.

అడ్డాకు
చెత్త సంగతి. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన వాటిలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు ఉన్నాయి. నీళ్ల సీసా, చిప్స్ ప్యాకెట్ ఆ జాబితాలో లేవు. వంజంగి లాంటి వ్యూపాయింట్ల దారిలో మనకి కనబడేవి ఎక్కువగా ఈ రెండే. సీసాని ఏరేవాళ్లు కొంటారు. చిప్స్ ప్యాకెట్ లోపలి వెండిరంగు పొర వల్ల దాన్ని కొనేవాళ్లు ఉండరు, అదే పొదల్లో మిగిలిపోతుంది.

నలభైమంది గుంపు, మనిషికి మూడు సీసాలంటే 120 సీసాలు. ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు తెచ్చుకుంటే ఒక్క సీసా అక్కర్లేదు. ప్లేట్లకి మన దగ్గరే అడ్డాకు ఉంది. గిరిజన మహిళలు అడవి నుంచి తెచ్చి, సన్నటి పుల్లలతో కుట్టి సంతలో అమ్ముతారు. ఎండు విస్తరిని వడ్డించే ముందు నీళ్లు చల్లి కాసేపు ఉంచండి, లేకపోతే మడత దగ్గర పగిలి పులుసు కారిపోతుంది. "అడ్డాకు నిలవదు" అని టూర్ ఆపరేటర్లు థర్మోకోల్ వైపు పోవడానికి కారణం ఈ తడపడం తెలియకపోవడమే. విస్తరికి పెట్టే నాలుగు రూపాయలు ఇక్కడి ఆడవాళ్ల చేతికే వెళ్తాయి.

కొండకి_గేటు
ఇవన్నీ మంచి మాటలే కానీ మాటలతో రద్దీ తగ్గదు. నీలగిరుల్లో, కొడైకెనాల్‌లో మద్రాసు హైకోర్టు చెప్పాక 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో నీలగిరులకి మామూలు రోజుల్లో 6,000 బళ్లు, వారాంతాల్లో 8,000 అని పరిమితి కూడా పెట్టారు. అరకుకీ అదే పెట్టాలి. డిసెంబర్, జనవరి రెండు నెలలు చాలు.

మలుపు_హారన్
ఒక అడ్డంకి ఉందండి. అక్కడ స్థానికుల బళ్లకి మినహాయింపు సులువు, నీలగిరుల నెంబరు టీఎన్ 43. మన రాష్ట్రంలో 2019 నుంచి అన్ని జిల్లాలకీ ఏపీ 39తో మొదలై ఒకే సిరీస్ వచ్చింది. ప్లేటు చూసి పాడేరు బండో తిరుపతి బండో చెప్పలేం. పోనీ చెక్‌పోస్ట్ పెడదామంటే దారి ఒకటి కాదు: ఎస్.కోట ఘాట్, మాడుగుల వైపు నుంచి పాడేరు ఘాట్, నర్సీపట్నం వైపు, ఒడిశా కోరాపుట్ వైపు. అన్నిచోట్లా ఆపి తనిఖీ చేస్తే ఆసుపత్రికి, సంతకి పోయే ఊరివాళ్లే ముందు ఇబ్బంది పడతారు.

కొండకి_గేటు
నెంబరు సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు. అలాగైతే బళ్లకి కాకుండా చోట్లకి పరిమితి పెట్టొచ్చు. వంజంగికి తెల్లవారుజామున ఎంతమంది, బొర్రాలో గంటకి ఎంతమంది అని టైం-స్లాట్ టికెట్లు. టికెట్ ముందే తీసుకోవాలంటే, శనివారం దొరకనివాళ్లు బుధవారానికి మారతారు. పార్కింగ్ రుసుము కూడా వారాంతంలో రెండింతలు, మిగతా రోజుల్లో సగం. ఆ డబ్బు పంచాయతీకే చేరాలి, మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్ల జీతం దాంట్లోంచే రావాలి.

వలిసె_పొలం
మరుగుదొడ్ల మాట ఎవరో ఒకరు ఎత్తారు, సంతోషం. ఘాట్ మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లకి శుభ్రమైన చోటు దొరకక నీళ్లు తాగడమే మానేస్తారు. గుంపుతో వచ్చే బస్సు ఎస్.కోటలో ఒకసారి, అనంతగిరిలో ఒకసారి తప్పకుండా ఆగాలని బుకింగ్‌లోనే రాయించుకోండి.

నేను రాయదలచింది ఇక్కడి చేలల్లో కనిపించే పసుపురంగు పూల గురించి. అవి అలంకారానికి వేసినవి కావు, వలిసెలు, నూనెగింజ పంట. ఫోటో కోసం చేలో పది అడుగులు లోపలికి వెళ్తే కాడలు విరిగి ఒరిగిపోతాయి, ఆ మొక్క ఇక లేవదు, గింజ పట్టదు. రోజంతా ఒకరి వెనక ఒకరు నడిస్తే చేను మధ్యలో బాట పడుతుంది. రైతు ఇరవై, ముప్పై రూపాయలు అడిగితే గొడవ పడకండి, అది పోయిన గింజ ధర. గట్టు మీదే నిలబడి, ఫోన్ నడుము ఎత్తుకి దించి తీస్తే మనిషి చుట్టూ పూలే కనిపిస్తాయి, లోపలికి దిగే పనే లేదు.

ఊట_కాలువ
ఆరోగ్యం గురించి రెండు ముక్కలు. ఏజెన్సీలో మలేరియా ఉంది. చలికాలమని నిర్లక్ష్యం వద్దు. దోమతెర ఉన్న గది అడగండి, సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా. ఇంటికి వెళ్లిన నెల లోపు చలి జ్వరం వస్తే డాక్టర్‌తో "అరకు ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అని మీరే చెప్పాలి. హైదరాబాద్‌లో డాక్టర్‌కి అది మీరు చెబితే తప్ప తట్టకపోవచ్చు, రక్తపరీక్ష ఆలస్యమవుతుంది.

అరకు దగ్గరి చాపరాయి వాగు బండల మీద నాచు చూసుకోండి. నల్లగా మెరిసేచోట అడుగు పెట్టొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.

సికింద్రాబాద్_వాసి
అందరికీ కృతజ్ఞతలు. మంగళవారం నుంచి శుక్రవారానికి మార్చుకున్నాం, గది ఇంటివాళ్లతోనే మాట్లాడి తీసుకున్నాం. ఒక్క ప్రశ్న: డిసెంబర్, జనవరి కాకుండా ఇంకెప్పుడైనా రావడానికి బాగుంటుందా? మా కాలనీలో మరో రెండు కుటుంబాలు అడుగుతున్నాయి.

గోస్తని_గట్టు
మార్చి, ఏప్రిల్. ఇది ఎవరూ ప్రచారం చేయరు. కాఫీ పళ్లు కోసేది నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు, అది అందరూ చూస్తారు. పూత మాత్రం వేసవి తొలివాన పడ్డాకే. మంచి జల్లు పడిన ఎనిమిది, పది రోజులకి మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల కింద, కొమ్మ పొడవునా గుత్తులు గుత్తులుగా తెల్లటి పూలు. తోట మొత్తం మల్లెపూల వాసన. మూడు, నాలుగు రోజులే ఉంటుంది, తర్వాత గోధుమరంగుకి తిరిగి రాలిపోతాయి.

తేదీ ముందే చెప్పలేం, వాన చెప్పాలి. కాబట్టి మీరు దిగే ఇంటివాళ్ల నెంబరు దాచుకోండి, వాన పడిన రోజు ఒక మెసేజ్ పెట్టమని చెప్పి రండి. మెసేజ్ వచ్చిన ఏడో రోజున విశాఖలో ఉండేలా టికెట్లు చూసుకోండి. ఆ రోజుల్లో గది రేటు డిసెంబర్‌లో సగం కూడా ఉండదు. పూత సమయంలో కొమ్మలు ఊపొద్దని, చెట్ల మధ్య వరుసగా నడవాలని ఆ కుటుంబాలకి ముందే చెప్పండి, పువ్వు రాలితే ఆ మేరకు కాయ తగ్గుతుంది.

అడ్డాకు
ఆ వారం వచ్చేవాళ్లు గొడుగు తెచ్చుకోండి. పూత చూడ్డానికి వచ్చినప్పుడు మధ్యాహ్నం మళ్లీ జల్లు పడటం మామూలే.